మెకానిక్ గారు లిఫ్టెక్కడం మానేశారు

ఆ ఉదయం మెకానిక్ గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఐదో అంతస్తులో ఉన్న తన ఇంటి నుంచి మెట్ల మీద కిందికి దిగడం, సాయంత్రం మళ్ళీ మెట్ల మీదే ఎక్కడం. అంతే. ఇందులో కొంప మునిగేదేముందని మీరనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నారు, పాపం.

అసలు సంగతేమిటంటే, ఇంకో నెలలో ఆయనకు రిటైర్మెంటు. ముప్పై ఏళ్ళు లిఫ్టుల కంపెనీలో పనిచేశారు. ఏ లిఫ్టు ఎక్కడ ఆగినా, ఆఖరికి తానుండే అపార్ట్‌మెంటుది ఆగినా, ఫోన్ మోగేది ఈయనకే. ఒక పెళ్ళిరోజున భార్యతో సినిమాకి బయల్దేరితే, ఎవరో బ్యాంకు మేనేజరు లిఫ్టులో ఇరుక్కుపోయాడన్నారు. భార్యను బ్యాంకు గుమ్మంలో నిలబెట్టి ఆ మహానుభావుణ్ణి విడిపించి వచ్చేసరికి సినిమా కాస్తా అయిపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇన్నేళ్ళూ ఆయన మనసును తొలుస్తూ వచ్చింది. అందుకే రిటైరవ్వగానే ఆవిడను లిఫ్టన్నదే కనబడని చోటికి తీసుకెళ్ళాలని తీర్మానించుకున్నారు. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఒక కొండల దేశాన్ని ఎంచుకున్నారు. చల్లటి గాలి, చవక అద్దెలు, పింఛనుతోనే దర్జాగా బతకొచ్చు. ఎప్పుడో అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగావిడ ఒకామె తన ఇల్లు అద్దెకిస్తానని కూడా అంది. రెండు గదులు, ఓ వరండా, ఎదురుగా మంచుకొండ. రోడ్డు నుంచి ఇంటికి మాత్రం కాసిని మెట్లెక్కాలట.

ఆ మెట్ల దగ్గరే వచ్చింది చిక్కంతా. భార్యకు మోకాళ్ళ నొప్పులు. కొండ అన్న మాట వింటేనే వద్దంటుందని ఆయన భయం. ముందు తాను మెట్లకు అలవాటుపడి, ఇదేమంత బ్రహ్మవిద్య కాదని తేలాక, ఆవిడ కాస్త హుషారుగా ఉన్నప్పుడు మెల్లగా చెవిన వేద్దామని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. మనుషులు లేని ఊళ్ళో అయితే జరిగిపోయేది.

కింది అంతస్తులో టైలరమ్మ కుట్టుమిషను గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్ళ మొహం కనబడకపోతే ఆవిడకు చెయ్యాడదు.

"అదేంటన్నయ్యా, లిఫ్టు పాడైందా?" అంది మెట్లు దిగి వస్తున్న మెకానిక్ గారిని చూసి.

"లేదమ్మా, భేషుగ్గా ఉంది."

"మరి మెట్ల మీద వచ్చారే?"

నిజం చెబితే, ఆవిడ చేతిలో ఉన్న జాకెట్టుకు గుండీ పడేలోపు అది ఐదో అంతస్తుకి చేరుతుంది. అందుకని ఆయన "ఊరికేనమ్మా" అని జారుకున్నారు.

లిఫ్టు మెకానిక్ అన్నవాడు నోటితో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే. వంటవాడు తన వంట తాను ముట్టకుండా "ఊరికే" అంటే మీరు తింటారా? టైలరమ్మ మధ్యాహ్నానికల్లా రెండో అంతస్తుకి చెప్పింది. సాయంత్రానికి పిల్లల్ని లిఫ్టెక్కనివ్వడం మానేశారు. ఈయనకి ఇవేమీ తెలియవు. రొప్పుతూ, రైలింగు పట్టుకుని, ఐదో అంతస్తుకి చేరి, "చూశావా, నేను ఎక్కగలను" అని తనను తానే మెచ్చుకుంటున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొండ మీది ఇంటికి సరుకులు కూడా మోసుకెళ్ళాలి కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు ఓ సంచిలో ఇసుక నింపుకుని బయల్దేరారు. మెట్లెక్కే ముందు ఊపిరి తీసుకుందామని సంచిని సరిగ్గా లిఫ్టు తలుపు ముందే దించారు. అదే సమయానికి అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎవరితో మాట్లాడినా హోంవర్కు అడిగినట్టే ఉంటుంది.

"ఏమిటయ్యా ఆ సంచిలో?"

"ఇసుకండీ."

"ఇసుకా? ఎందుకు?"

"కాస్త... బరువు చూద్దామని."

సెక్రటరీ గారు లిఫ్టు బటను మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకున్నారు. టైలరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "లిఫ్టు తెగి పడితే దెబ్బ తగలకుండా అన్నయ్య కింద గుంటలో ఇసుక పోస్తున్నాడు. రిటైరయ్యేలోపు తన పేరు చెడకుండా ఎవరికీ తెలీకుండా సర్దేస్తున్నాడు, అంతే" అని తేల్చేసింది. ఇంత తెలివి కుట్టుపనికి పోతోందని అందరూ జాలిపడ్డారు. సెక్రటరీ గారు కంపెనీకి ఫోన్ చేసి గంటసేపు పాఠం చెప్పారు. తనిఖీ అయ్యేదాకా లిఫ్టు మూసేయమని కంపెనీ చెప్పింది. ఆ తాళం వేయాల్సిన ఉద్యోగి ఎవరంటారా? మన మెకానిక్ గారే.

ఇప్పుడు ఆయన భార్య ఐదో అంతస్తులో ఇరుక్కుపోయింది. కూరగాయలకు బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దించుతోంది. బుట్టలో కూరలతో పాటు కబుర్లూ పైకొస్తున్నాయి. ఒకరోజు టైలరమ్మ కిందనుంచే అరిచింది. "వదినా, అన్నయ్య ఏదో దాస్తున్నాడు. కాస్త అడిగి చూడు!"

"మా ఆయన లిఫ్టు బాగుందంటే బాగున్నట్టే. ఆయన నా దగ్గర ఏదీ దాచరు," అని ఆవిడ వీధంతా వినబడేలా చెప్పి బుట్ట లాక్కుంది.

లోపల అన్నం తింటూ అది విన్న మెకానిక్ గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. అప్పుడైనా చెప్పేయొచ్చు. కానీ ఇంత రభస జరిగాక చెబితే ఆవిడ ఆ కొండ మొహం చూడదని బెంగ. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన కోరుకున్నది ఆవిడతో అలాంటి వరండాలో తీరిగ్గా కూర్చోవడం ఒక్కటే. అది చేజారిపోతుందేమోనని నోరు కుట్టేసుకున్నారు.

తనిఖీకి కంపెనీ ఇంజనీరు వచ్చింది. తాళ్ళు, బ్రేకులు, మోటారు అన్నీ చూసి, "లోపం వీసమెత్తు కూడా లేదు" అంది. ఎవరూ నమ్మలేదు.

"మెకానిక్ ఎక్కి చూపిస్తే అప్పుడు నమ్ముతాం," అన్నారు సెక్రటరీ గారు.

"ఎక్కండి, మీకేం భయం?" అంది భార్య. మొగుడి పరువు కోసం ఆవిడ ఒక్కో మెట్టూ దిగుతూ మూడో అంతస్తు దాకా వచ్చింది. అక్కడ మోకాళ్ళు మొరాయిస్తే మెట్టు మీద కూర్చుండిపోయింది. మెకానిక్ గారు ఒట్టి చేతులతో ఎక్కి చూపిద్దామని తన ఫోనూ పనిముట్ల సంచీ ఆవిడకిచ్చి కిందికి వెళ్ళారు. అపార్ట్‌మెంటంతా మెట్ల మీద వరసగా నిలబడింది. ఆయన ఇనుప జాలీ తలుపు లాగి, బటను నొక్కారు. లిఫ్టు హాయిగా కదిలింది. ఒకటి దాటింది, రెండు దాటింది, మూడో అంతస్తుకి ఓ మనిషి ఎత్తు కిందగా వచ్చింది.

కరెంటు పోయింది.

"నేను చెప్పలా!" అంది టైలరమ్మ.

"కరెంటమ్మా! అది కరెంటు!" అని లోపల్నుంచి మెకానిక్ గారు మొత్తుకున్నారు. వినే నాథుడు లేడు. ఆయన తల సరిగ్గా భార్య పాదాల ఎత్తులో జాలీ వెనక ఆగింది. ఆ క్షణంలోనే ఆవిడ చేతిలోని ఫోన్ మోగింది. ఏ బటను నొక్కిందో ఏమో, అవతలి గొంతు మెట్లన్నిటికీ వినబడింది.

"మెకానిక్ గారేనా? నేనండీ, కొండ మీది ఇంటావిడని. ఇల్లు మీకే ఖాయం చేశాను. మెట్లెక్కడం అలవాటు చేసుకుంటున్నానన్నారు, అయిందా? ఇసుక సంచి కూడా మోస్తున్నానన్నారుగా! ఇంతకీ మీ ఆవిడకి చెప్పారా, ఇంకా భయపడుతూనే ఉన్నారా?"

సెక్రటరీ గారు తన చెప్పుల్ని పరీక్షగా చూసుకోసాగారు.

"ఇప్పుడే తెలిసిందండీ. ఒక్క నిమిషం ఉండండి," అని ఫోన్లో చెప్పి, ఆవిడ వంగి జాలీలోకి చూసింది. "వినబడుతోందా?"

"వినబడుతోంది," అన్నారు కిందనుంచి.

"ముప్పై ఏళ్ళు ఊరందర్నీ పైకీ కిందికీ చేరవేశారు. ఇన్నాళ్ళకి నన్నొక చోటికి తీసుకెళ్దామనుకున్నారు. అదీ నాకు కాకుండా ఎక్కడో కొండ మీదావిడకి చెప్పారు."

"నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావి. నొప్పి నాది. వెళ్దామో వద్దో చెప్పే నోరూ నాకుంది. అడిగారా?"

"వద్దంటావని భయమేసిందే," అన్నారాయన.

"అయితే ఇప్పుడడగండి."

"ఇక్కణ్ణుంచా? అందరి ముందూనా?"

"మీరు ఎక్కడికీ పారిపోలేని చోటు మళ్ళీ నాకెప్పుడు దొరుకుతుంది?"

ఆయన అడిగారు. ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో కూడా అంత తడబడలేదు. ఆవిడ కాసేపు మోకాళ్ళు రాసుకుంది.

"వస్తాను. ఎక్కలేకపోతే మెట్ల మధ్యలో కూర్చుంటాను. నేను కూర్చున్నంతసేపూ మీరూ పక్కనే కూర్చోవాలి. ఎవరు పిలిచినా లేవకూడదు."

"లేవను," అన్నారాయన. జాలీలోంచి రెండు వేళ్ళు బయటికొచ్చాయి. ఆవిడ వాటిని పట్టుకుంది. ఇంజనీరు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంది.

ఫోన్లో ఇంటావిడ దగ్గింది. "మిమ్మల్ని మోసం చేయడం ఇష్టంలేక చెబుతున్నా తల్లీ. ఇల్లు బంగారం, గాలి బంగారం. కానీ ఒంటిదాన్ని, ఈ మెట్లు నావల్ల కావట్లేదు. అందుకే ఇస్తున్నా. మీ వైపు ఎక్కడైనా లిఫ్టున్న ఇల్లు దొరుకుతుందేమో కాస్త చూసిపెట్టండి."

"మా ఇల్లే ఖాళీ అవుతోంది. ఐదో అంతస్తు," అంది భార్య.

"లిఫ్టు మంచిదేనా?"

"మా ఆయన చేతిలోది," అంది ఆవిడ. కరెంటు వచ్చి, లిఫ్టు తిన్నగా ఆవిడ పక్కకి వచ్చి ఆగింది.

నెల తిరక్కుండా వీళ్ళు అటు వెళ్ళారు, ఇంటావిడ ఇటు వచ్చింది. ఆవిడ దిగిన రోజు అపార్ట్‌మెంటంతా ఎదురెళ్ళి, సామాను అందుకుని, కొత్తగా వచ్చినవాళ్ళకి మర్యాద చేయాలి కదా అని, ఆవిణ్ణొక్కదాన్నే లిఫ్టులో ముందు పంపింది. క్షేమంగా పైకి చేరానని ఆవిడ కేకేశాక, మిగతావాళ్ళు ఎక్కారు.