ముప్పై ఏండ్ల తోడు

శుక్రవారం పొద్దున డిచ్‌పల్లిలోని చెల్లెలింటికి బయలుదేరుతూ సుమిత్రమ్మ కోడలికి ఒక్కటే పని అప్పగించింది. "రెండు చెంచల పెరుగు తోడుకు దాయి బిడ్డా. ముప్పై ఏండ్ల తోడు అది. రుద్రూర్ల మా అవ్వ ఇచ్చింది." బోధన్‌కు కాపురానికొచ్చిన ఆరు నెలల్లో ఆ తోడు గిన్నె వినీత చేతికి రావడం అదే మొదటిసారి.

ఆ పెరుగూ అంతటిదే. చెంచా దించితే ముక్కగా తెగుతుంది, పులుపు తగిలీ తగలనట్టుంటుంది. ఏళ్ల తరబడి కడుపుబ్బరంతో వేగిన వినీత భర్త మహేందర్, రోజూ సద్దన్నంలో ఆ పెరుగు, పచ్చి ఉల్లిగడ్డ కలిపి తిని ఏడాదిలో తేరుకున్నాడు. తేరుకుని ఊరుకుంటే సరిపోయేది. ఆ ఉదయమే గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "కడుపులో మంచి సూక్ష్మజీవులకు మా అమ్మ తోడు. ఉచితం."

ఎనిమిదింటికల్లా గుమ్మంలో గిన్నెలు. "ఒక్క చెంచనే సెల్లె," అంది పక్కింటి హన్మవ్వ, చెంచాకు బదులు గరిటె తెచ్చుకుని. కాదనడం వినీతకు చేతకాదు. తొమ్మిది ఇళ్లకు పోగా మిగిలిన రెండు చెంచాలూ దాచింది.

సాయంత్రం పాలు గోరువెచ్చగా చేసి ఫ్రిజ్ తెరిస్తే తోడు లేదు.

"గింతే ఉంటే, గిన్నె కడగాల్నేమో అని తిన్న," అన్నాడు మహేందర్.

వినీత హన్మవ్వ ఇంటికి పరుగెత్తింది. "దీపం పెట్టినంక పెరుగు బయటికియ్యరు సెల్లె, అందుట్ల శుక్రారం. పొద్దుగాల రా, గిన్నెడిస్త." తొమ్మిది ఇళ్లలోనూ అదే మాట. రాత్రికే తిరిగొస్తున్న అత్త బస్సు అప్పటికే నిజామాబాద్ దాటింది.

ఆ పొద్దున గిన్నె పట్టుకుని రానిది గల్లీ చివరి ఆశా ఒక్కతే; చివరికి వినీత ఆమె తలుపు తట్టింది. చర్చికి వెళ్లే ఇల్లు. "మాకు శుక్రారమైనా ఒకటే అక్కా," అంటూ గిన్నెడు పోసిచ్చింది.

మర్నాడు సుమిత్రమ్మ పెరుగు నాలుక మీద వేసుకుని చప్పరించి, గట్టు మీదున్న పరాయి గిన్నె వైపు చూసింది. "గిది ఆశా ఇంటిది గదా."

వినీత తలదించుకుని ఉన్నదంతా చెప్పేసింది. సుమిత్రమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"పోయినేడు మన గిన్నెల పిల్లి మూతి పెట్టింది. గప్పుడు గూడ శుక్రారమే. ఆశా దగ్గర్నే తెచ్చిన. గప్పటికెల్లే రుచి మంచిగైంది. నీ మొగనికి జెప్పకు."

ముందు గదిలో మహేందర్ ఫోన్‌లో ఎవరికో వివరిస్తున్నాడు: "ముప్పై ఏండ్ల తోడన్నా, మా అమ్మమ్మది."

దీపం పెట్టాక గడప దాటకుండా తొమ్మిది ఇళ్లూ అంత నిష్ఠగా కాపాడుకున్నది ఆశా ఇంటి పెరుగునే.