మేడమ్ ఒంటిగంటకు వెళ్ళిపోతుంది

తార్నాకలోని తన డీటీపీ షాపు షట్టర్ ఎత్తుతూ, ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి జ్యోతిర్మయి ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. నిజానికి నిర్ణయం ఆమె భర్త నరహరిది. కానీ షట్టర్ ఎత్తేదీ దించేదీ ఆమే కాబట్టి నిర్ణయం కూడా ఆమెదే అనుకోవాలి.

యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైపు చేసి, బైండింగ్ చేసి ఇవ్వడం ఆమె పని. పదకొండేళ్ళలో రెండు వందలకు పైగా పీహెచ్‌డీలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి. ఆమెకు మాత్రం డిగ్రీ లేదు. దూరవిద్యలో చేరి అన్ని పేపర్లూ గట్టెక్కింది, ఒక్కటి తప్ప. అదీ నిరుడే అయిపోయేది. హాల్ టికెట్ పట్టుకుని బయల్దేరుతుంటే ఒకతను పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఆ ఐదు నిమిషాలు పూర్తయ్యేసరికి పరీక్ష హాలు గేటు మూసేశారు. ఆ సాయంత్రం ఆమె బైండింగ్ మిషన్ వెనకాల కూర్చుని ఏడ్చిందని నరహరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పరీక్ష మళ్ళీ ఈ రోజే, మధ్యాహ్నం రెండింటికి. ఈసారి కూడా పోతే గడువు దాటిపోతుంది, మొదటి ఏడాది నుంచి మళ్ళీ చేరాల్సిందే.

"అక్కా అంటే చాలు, నువ్వు కరిగిపోతవ్," అన్నాడు నరహరి రాత్రి అన్నం తింటూ. "వాళ్ళ టిఫిన్ డబ్బలు నీ దగ్గర్నే, వాళ్ళ లగ్గం ముచ్చట్లు నీ దగ్గర్నే. కస్టమర్ అన్నంక జర దూరం ఉండాలె. రేపటి సంది మేడమ్ అనిపించుకో. మేడమ్‌ని ఎవరు సతాయిస్తరు?"

మాట సబబుగానే తోచింది. పెద్ద అక్షరాల్లో టైపు చేసి, లామినేషన్ కూడా చేసి, గాజు తలుపుకు అంటించింది: "ఇచ్చట అక్కా అని పిలవరాదు. మేడమ్ అనవలెను. ఈ రోజు మేడమ్ ఒంటిగంటకు వెళ్ళిపోతుంది."

మొదట వచ్చినవాడు చైతన్య. అనంతపురం వేరుశనగ రైతుల మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. రేపు సాయంత్రమే సమర్పించడానికి చివరి గడువు. అడిక్‌మెట్ ఏరియాలోని తన గది నుంచి నడిచొచ్చి, బోర్డు రెండుసార్లు చదివి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమక్కా ఇది? నిన్నటి దాకా..."

జ్యోతిర్మయి బోర్డు వైపు వేలు చూపించింది.

"సరే... మేడమ్," అన్నాడు చైతన్య, కొత్త చెప్పుల్లో కాలు పెట్టినట్టు. "పన్నెండున్నరకు సెమినార్ నుంచి వచ్చి మా గైడు సంతకం పెడతానన్నారు. ప్రింటు ఇస్తే పోతాను."

ఆమె పేజీలు తిరగేస్తూ నాలుగో అధ్యాయం దగ్గర ఆగింది. రైతులు విత్తనాలు ఎక్కడ తెచ్చుకుంటారో చెప్పే పట్టిక అది. చూపుతోనే కూడేసింది. ఆ అలవాటు ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"గీ పట్టిక మొత్తం కలిపితే నూట పన్నెండు శాతం అయితున్నది, చైతన్యా. గిట్ల ప్రింటు తియ్య. సరిచేసుకొని రా."

అక్క అయితే బతిమాలేవాడు. మేడమ్‌ను బతిమాలడం ఎలాగో అతనికి తెలియలేదు. బయటికొచ్చి, సంతకానికి ఆలస్యమవుతుందని చెప్పడానికి డిపార్ట్‌మెంట్ అటెండర్ లక్ష్మయ్యకు ఫోన్ చేశాడు.

"మేడమ్ ఒప్పుకోలేదన్నా. నాలుగో అధ్యాయం తప్పంట. పైగా ఒంటిగంటకు వెళ్ళిపోతారంట, బోర్డు కూడా పెట్టేసినారు."

లక్ష్మయ్యకు ఈ లోకంలో మేడమ్ అంటే ఒక్కరే, చైతన్య గైడు ప్రొఫెసర్ స్నేహలత. ఆవిడ పొద్దుటి నుంచీ ఏదో సెమినార్‌లో ఫోన్ ఆపేసి కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద వార్త తన చెవినే పడినందుకు లక్ష్మయ్య పొంగిపోయాడు. సరాసరి డిపార్ట్‌మెంట్ హెడ్ కరుణాకర్ గదికి వెళ్ళాడు.

"సార్, స్నేహలత మేడమ్ పోతున్నరంట. ఒంటిగంటకే. ఏదో బోర్డంట సార్."

"బోర్డా! మెంబరుగానా?"

"మెంబరో చైర్మనో, గది తెల్వది సార్. బోర్డు మాత్రం పక్కా."

కరుణాకర్ నిదానస్తుడు, మర్యాదస్తుడు. అంత పెద్ద పదవికి వెళ్ళే మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆయనకు నచ్చలేదు. శాలువా తెప్పించాడు, పూలగుత్తి తెప్పించాడు. ఈలోగా, మేడమ్ పోతూ పోతూ నాలుగో అధ్యాయాలన్నీ తిప్పి పంపుతున్నారని హాస్టళ్ళలో పొక్కింది. ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న మిగతా ఐదుగురూ, తమవి ముందే దిద్దించుకుందామని, పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని జ్యోతిర్మయి షాపు మీద పడ్డారు.

"మేడమ్, నా ఫోర్త్ చాప్టర్ జర చూడండి మేడమ్!"

"నాది ముందు మేడమ్!"

మేడమ్‌ను ఎవరూ సతాయించరన్న నరహరి గుర్తొచ్చి జ్యోతిర్మయి పళ్ళు కొరికింది. పన్నెండూ నలభై దాటింది. హాల్ టికెట్ బల్ల మీదే ఉంది. నిరుటి గేటు కళ్ళ ముందు మెదిలింది.

అదే సమయానికి సెమినార్ నుంచి తిరిగొచ్చిన స్నేహలతకు గుమ్మంలోనే పూలగుత్తి ఎదురైంది.

"కంగ్రాచ్యులేషన్స్ మేడమ్. మమ్మల్ని మరిచిపోకండి," అన్నాడు కరుణాకర్.

"ఎక్కడికి పోతున్న నేను?"

కరుణాకర్ లక్ష్మయ్యను చూశాడు. లక్ష్మయ్య, అప్పుడే సరిచేసిన పట్టికతో లోపలికొస్తున్న చైతన్యను చూశాడు.

"మేడమ్ వెళ్ళిపోతున్నట్టు నీకెవరు చెప్పిన్రు?" అని అతన్ని అడిగారు స్నేహలత.

"మేడమే చెప్పినారు మేడమ్."

"నేనా?"

"మీరు కాదు మేడమ్. మేడమ్."

చైతన్య బోర్డు సంగతి విప్పి చెప్పాక, మరో పది నిమిషాలకు ఆవిడ కారు తార్నాకలో ఆగింది. ముందు స్నేహలత దిగారు, వెనక పూలగుత్తితో కరుణాకర్, శాలువాతో లక్ష్మయ్య, కాగితాలతో చైతన్య. జ్యోతిర్మయి అప్పటికే ఐదుగురినీ బయటికి పంపి షట్టర్ సగం దించింది. టైము ఒంటిగంట.

"నా స్టూడెంట్ థీసిస్ ఆపనీకి నువ్వెవరమ్మా?"

జ్యోతిర్మయి షట్టర్ వదల్లేదు. "నేను ఆపలే మేడమ్. నూట పన్నెండు శాతం ఆపింది."

స్నేహలత చైతన్య చేతిలోని పాత పట్టిక కాగితం అందుకుని, పెదవులు కదుపుతూ కూడారు. ఇంకోసారి కూడారు. ఆ పట్టిక కింద "చూసితిని" అని రాసి ఉన్నది ఆవిడ చేతిరాతే. కోపం దిగిపోయి, ఆ స్థానంలో సిగ్గు వచ్చింది.

"సరే, సరిచేసి తెచ్చిండు కదా. ప్రింటు తీసియ్యి. ఐదు నిమిషాల పనే."

అందరూ జ్యోతిర్మయి వైపు చూశారు. ఆమె చెయ్యి అలవాటుగా షట్టర్ పైకెత్తబోయింది. మధ్యలో ఆగింది.

"లేదు మేడమ్. రేపు పదింటికి వస్తే ఇస్త. రెండింటికి నాకు డిగ్రీ పరీక్ష ఉన్నది. పోయినేడు గిట్లనే ఐదు నిమిషాలల్ల పోగొట్టుకున్న."

ఆమె చేత థీసిస్‌లు దిద్దించుకునే కాబోయే డాక్టర్లు ఆరుగురూ తలలు దించుకున్నారు. జ్యోతిర్మయి షట్టర్ పూర్తిగా దించి తాళం వేసింది. ఆ చప్పుడు ఆమెకు ఎంతో హాయిగా వినిపించింది.

"సెంటర్ ఎక్కడ?" అన్నారు స్నేహలత మెల్లగా.

"క్యాంపస్‌లనే మేడమ్."

"కారెక్కు."

తెచ్చిన శాలువా వెనక్కి తీసుకుపోవడం పద్ధతి కాదని కరుణాకర్ దాన్ని జ్యోతిర్మయికే కప్పాడు. పరీక్ష హాలు గుమ్మంలో చీటీల కోసం దాన్ని విప్పించి, దులిపించి మరీ లోపలికి పంపారు. ఆమె ఒంటిగంట నలభైకే తన బెంచీలో కూర్చుంది. మూడు గంటలూ తృప్తిగా, చెయ్యి నొప్పెట్టేలా రాసింది.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేయగానే మోగింది.

"ఎట్ల రాసినవ్?" అన్నారు స్నేహలత.

"మస్తుగ రాసిన మేడమ్."

"గుడ్. ఏం లేదు జ్యోతక్కా, నాది ఒక కాన్ఫరెన్స్ పేపర్ ఉన్నది. అందుల రెండు మూడు పట్టికలు... జర నువ్వు చూస్తే... ఐదు నిమిషాల పనే అక్కా."

మర్నాడు ఉదయం షాపు తలుపు మీద కొత్త బోర్డు కనిపించింది: "అక్కా అనవచ్చును. ఐదు నిమిషాలు అనరాదు."