తలుపుల నోరు మూయించినాయన

బీమా ఆఫీసులో పనిచేసే పెద్దగుమాస్తా గారికి ఇంట్లో ఒకే ఒక్క శత్రువు. అది భార్య కాదు. అత్తగారు అసలే కాదు. వంటింటి గోడకి బిగించిన అలమారా తలుపు.

ఒంట్లో షుగరు పెరిగిందనీ, తీపి జోలికి పోవద్దనీ డాక్టరు చెప్పిన నాటినుంచి వెన్న బిస్కెట్ల డబ్బా ఆ అలమారా పై అరలోకి మకాం మార్చింది. చుట్టాలొస్తే పెట్టడానికన్నమాట. అలమారాకి తాళం లేదు. దాని అవసరమూ లేదు. చెయ్యి వేస్తే చాలు, తోక తొక్కిన పిల్లిలా అరిచేది.

అది అరవగానే పడకగదిలోంచి ఆవిడ గొంతు వినిపించేది.

"ఏవండీ, చెయ్యి తియ్యండి."

"మంచినీళ్ళకి వచ్చానే."

"మంచినీళ్ళు బిందెలో ఉంటాయి. బిందె నేలమీద ఉంటుంది."

మధ్యాహ్నం కునుకులో ఉన్న మనిషి, కళ్ళు కూడా తెరవకుండా చెప్పేది ఈ మాటలు. ఆయన ఓసారి తలుపు బందులకి వంటనూనె రాసి చూశాడు. గొంతు సవరించుకున్న పాటగాడిలా తలుపు ఇంకాస్త స్పష్టంగా పాడింది.

ఆ ఇంట్లో పథ్యం ఆయనొక్కడికే కాదు. అత్తగారికీ అదే జబ్బు, అదే డాక్టరు. కానీ ఆవిడ పథ్యం మీద ఎవరికీ అనుమానం లేదు. పొద్దున్నే చక్కెర లేని కాఫీ చుక్క వదలకుండా తాగి, గ్లాసు కింద పెడుతూ, "నాలుకని గెలిచినవాడు లోకాన్ని గెలిచినట్టే అల్లుడుగారూ" అనేది. లోకాన్ని గెలవాలన్న కోరిక అల్లుడుగారికి ఎన్నడూ లేదు. ఒక బిస్కెట్టు చాలు.

ఇలా ఉండగా ఆఫీసులో క్యాషియరు తన సొరుగుకి ఏదో డబ్బాతో బుస్సుమని కొట్టడం ఆయన కంటబడింది. ఎప్పుడూ కాలు అడ్డంపెట్టి లాగితేగాని రాని సొరుగు, వేలితో తాకగానే ఒళ్ళోకి వచ్చింది.

"ఏమిటిది?"

"స్ప్రే బావా. తుప్పు పట్టిన బోల్టు నుంచి బిగుసుకుపోయిన జిప్పు దాకా దేనికైనా ఇదే. కొత్త గిన్నెల మీద స్టిక్కరు జిగురు పోతుంది. గోడమీద పిల్లల రంగు గీతలు పోతాయి. మా ఆవిడ వేలికి ఉంగరం ఇరుక్కుంటే దీంతోనే తీశాను."

"కిర్రుమనే తలుపులకి?"

"మళ్ళీ నోరెత్తితే నన్నడుగు."

పెద్దగుమాస్తా గారు సాయంత్రం ఇంటికి వెళ్తూ ఒక డబ్బా కొన్నాడు. దారిలో ఆలోచించాడు. అలమారా ఒక్కదానికే కొడితే ఆవిడ ఇట్టే కనిపెట్టేస్తుంది. కాబట్టి ఇల్లంతా కొట్టాలి. ఇల్లంతా మూగబోయాక ఒక అలమారా మూగబోయిందని ఎవరనుకుంటారు? తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున్నే నడుం కట్టాడు. వీధి తలుపు, పడకగది తలుపు, అత్తగారి గది తలుపు, కిటికీలు, బాత్రూము గడియ, ఆఖరికి కుట్టుమిషను. అలమారాకి చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, చూపు ఎటో పెట్టి కొట్టాడు.

"పెళ్ళయ్యాక మేకు కూడా కొట్టని మనిషి ఇవాళ ఏమిటీ సేవ?" అంది ఆవిడ.

"ఇది సేవ కాదే, ప్రేమ. స్ప్రేతో చేసే ప్రేమ కాబట్టి స్ప్రేమ అనుకో."

"అలాగే అనుకుంటాను గాని, ముందు ఆ గుమ్మం దగ్గర ఒలికినది తుడవండి."

తుడుద్దామని అడుగు వేశాడు. మరి నడవకుండానే వంటింట్లోకి చేరాడు. ఫ్రిజ్ అడ్డం ఉండబట్టి ఆగాడు.

ఏమైనా ఆ పూట ఆయన పేరు మోగిపోయింది. కొత్త గిన్నెల జిగురు పోయింది. అత్తగారి వేలికి ఏళ్ళ తరబడి బిగుసుకున్న ఉంగరం, తీసి చూపిస్తానంటూ లాగితే, జారి సోఫా కిందికి పోయింది. దాన్ని వెతకడానికి ముగ్గురూ నేలమీద పాకారు. అయినా ఆవిడ సంతోషించి, "చేతివాటం ఉన్న అల్లుడు" అంది. ఆ మాట మెచ్చుకోలో, మరేదైనానో ఆయనకి వెంటనే అంతుపట్టలేదు.

సోమవారం నుంచి ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియకుండా పోయింది.

తలుపు చప్పుడు లేకపోయేసరికి, ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాక కూడా ఆవిడ పక్కగదిలోంచి పావుగంట సేపు కరెంటు బిల్లు గురించి మాట్లాడింది. ఆయన ఊఁ కొట్టలేదని అలిగింది. సాయంత్రం ఆయన తిరిగొచ్చి వెనకనుంచి "కాఫీ" అంటే ఉలిక్కిపడి గ్లాసు వదిలేసింది. అత్తగారు ఎటునుంచి ఎటు ప్రత్యక్షమవుతుందో దేవుడికే ఎరుక.

ఇక బాత్రూము గడియ. పైకి నెట్టి పెట్టే ఆ గడియ ఇప్పుడు ఎంత సుతారంగా తయారైందంటే, పెట్టిన చోట నిలవకుండా తనంతట తనే కిందికి జారిపోయేది. మర్నాడు ఆయన కళ్ళనిండా సబ్బుతో పాట అందుకుని, మంచి ఊపులో ఉండగా చల్లగాలి తగిలింది. కళ్ళు తుడుచుకుని చూస్తే తలుపు బార్లా తెరుచుకుని ఉంది. ఎదురుగా హాల్లో, చేతిసంచి జిప్పు బాగుచేయించుకుందామని వచ్చిన ఎదురింటి పంతులమ్మ కూర్చుని ఉంది. ఆవిడ నెమ్మదిగా గోడమీది కేలండరు వైపు తిరిగి, నెల మొత్తం చదవడం మొదలుపెట్టింది.

ఇన్ని అవమానాలూ ఆయన భరించాడు. ఎందుకంటే అలమారా పలకడం లేదు. ఆఫీసునుంచి భోజనానికి వచ్చినప్పుడు, ఆవిడ కునుకు తీసే వేళ చూసి, రెండంటే రెండే బిస్కెట్లు తీసుకునేవాడు. అంత దొంగసొమ్మూ నోట్లో వెన్నలా కరిగిపోయేది.

ఎటొచ్చీ ఒక్కటే చిక్కు. ఆయన తినేది కొంచెం, డబ్బా ఖాళీ అయ్యేది చాలా.

మొదట కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. తర్వాత తన బుర్రనే అనుమానించాడు. రెండు అనుకుంటూ నాలుగు తింటున్నానా? తిన్నది మరిచిపోయి మళ్ళీ వస్తున్నానా?

"ఈ స్ప్రే వాసనకి మతిమరుపు వస్తుందా?" అని క్యాషియరుని అడిగాడు.

"ఎందుకు బావా?"

"ఎందుకడిగానో మరిచిపోయాను" అని తప్పించుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆవిడ డబ్బా తెచ్చి ఆయన ముందు ఆడించింది. అడుగున ఉన్న నాలుగు ముక్కలు గలగలమన్నాయి.

"ఎలకలు పడ్డట్టున్నాయి" అంది.

"ఎలకలే. నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడాయన, ఊపిరి పీల్చుకుంటూ.

"మూత తీసి, తిని, మళ్ళీ మూత బిగించి పెట్టే ఎలకలు. చదువుకున్నవేమో."

ఆయన పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ వెళ్ళి కొత్త బిస్కెట్లు తెచ్చి డబ్బా నింపింది. ఆయనకి అది అర్థం కాలేదు. కోప్పడితే సర్దిచెప్పుకోవచ్చు. నింపితే ఏం చేయాలి?

ఏం చేయాలో ఆదివారం మధ్యాహ్నానికి కాళ్ళే చెప్పాయి. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళాడు. అలమారా అప్పటికే తెరిచి ఉంది. దాని ముందు పీట. పీట మీద అత్తగారు. అత్తగారి బుగ్గలో బిస్కెట్టు.

ఇద్దరూ బొమ్మల్లా నిలబడిపోయారు.

"మంచినీళ్ళకా అల్లుడుగారూ?" అంది ఆవిడ, పొడి రాలకుండా.

"అవునండి. మీరూ?"

"నేనూ దానికే."

బిందె ఇద్దరికీ వీపు వెనక ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయనకి మాత్రం గుండె మీంచి బండ దించినట్టయింది. తన బుర్ర బాగానే ఉంది. మతిమరుపు లేదు. ఉన్నది అత్తగారు. ఆవిడ చేతిలో ఉన్న బిస్కెట్టుని సగం విరిచి ఇచ్చింది. ఆయన వినయంగా అందుకున్నాడు. ఆ ఇంటికి అల్లుడైనప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఇంత దగ్గరైంది ఎప్పుడూ లేదు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

గుమ్మంలో భార్య. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. చేతిలో టీ గ్లాసు సగం ఖాళీ అయింది.

"నువ్వెలా వచ్చావు? చప్పుడే కాలేదు" అన్నాడాయన, అయోమయంగా.

"నా గది తలుపు నోరు కూడా మీరే మూయించారుగా."

అది ఆయనకి తట్టనేలేదు. తన రాక ఆవిడకి వినబడకూడదని ఇల్లంతా స్ప్రే కొట్టాడు గాని, ఆవిడ రాక తనకి వినబడదన్న సంగతి బుర్రలోకి రాలేదు.

అంతలో అత్తగారు పీట దిగింది. నోట్లోది మింగి, మూతి తుడుచుకుని, తాపీగా అంది.

"చూడవే. వారంనుంచి కాపు కాసి ఇవాళ పట్టుకున్నాను మీ ఆయన్ని. చేతిలో సరుకుతో సహా."

ఆయన తన చేతిలోని సగం ముక్క వైపు చూసుకున్నాడు. అత్తగారు నాలుకని గెలిచిన మనిషి ఠీవితో తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"కాదే, అసలు మీ అమ్మ..."

"మా అమ్మ సంగతి నాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను" అంది ఆవిడ. ఆ గొంతులో వెటకారం తగ్గింది. "మా నాన్న కాలివేలు ఎందుకు తీసేశారో మీకూ తెలుసు. నేను తిట్టేది బిస్కెట్ల కోసమా?"

ఆయన చేతిలోని ముక్కని డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ క్షణాన ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు.

"రండి బయటికి" అంది ఆవిడ.

బయట మెట్ల పక్కన ఆయన పాత సైకిలు నిలబెట్టి ఉంది. తీపి మానమన్ననాడే డాక్టరు రోజూ అరగంట సైకిలు తొక్కమని కూడా చెప్పాడు. చెయిను తుప్పు పట్టిందని, చక్రం తిరగడం లేదని ఆయన ఆ మాట దాటేస్తూ వస్తున్నాడు. ఇప్పుడది నిగనిగలాడుతోంది. పక్కన స్ప్రే డబ్బా ఖాళీగా పడుంది.

"చక్రం తిరుగుతోంది. ఎక్కండి."

సాకు వెతుక్కునేలోపే ఆవిడ వెనకనుంచి ఓ తోపు తోసింది. సైకిలు గాల్లో తేలినట్టు వెళ్ళింది. వీధి చివర మలుపు దగ్గర ఆయన బ్రేకు పట్టాడు. సైకిలు పట్టించుకోలేదు. రెండోది పట్టాడు. అది ఇంకాస్త ఉత్సాహంగా ముందుకు జారింది. చుట్టూ తిరిగి ఇంటి ముందుకి వచ్చి, "ఏమేవ్, ఇది ఆగడం లేదే" అని అరిచాడు.

"అరగంట కాలేదుగా" అంది ఆవిడ గుమ్మంలోంచి, టీ ముగిస్తూ.

మూడో చుట్టులో ఎదురింటి పంతులమ్మ చేతిసంచితో బయటికి వచ్చి, ఆయన్ని గుర్తుపట్టి, మర్యాదగా గోడవైపు తిరిగింది. ఆయన రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ, చెప్పులు అరగదీసుకుంటూ ఎలాగో ఆగి దిగాడు.

మర్నాడు పొద్దున్నా తొక్కాడు, ఆ మర్నాడూ తొక్కాడు. షుగరు తగ్గింది. కానీ ఆవిడ బ్రేకులకి కూడా స్ప్రే తెలియక కొట్టిందో, తెలిసే కొట్టిందో ఆయనకి ఈనాటికీ అంతుపట్టలేదు. అడుగుదామని రెండుమూడుసార్లు దగ్గరికి వెళ్ళాడు కూడా. ప్రతిసారీ ఆవిడ, ఆయన నోరు విప్పకముందే, "మంచినీళ్ళకా?" అని అడిగేది.