మా మట్టికి పట్టిన మహర్దశ

గని వస్తే మా ఊరు నాశనమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గని రావాలి! వచ్చి తీరాలి! కావాలంటే ముందు నా ఇంటి కిందే తవ్వుకోమని చెప్పేస్తున్నాను.

ఇన్నాళ్లూ ఈ మట్టిని ఎన్ని తిట్లు తిట్టాం? వేసింది మొలవదన్నాం, మొలిచింది నిలవదన్నాం. తీరా చూస్తే ఇందులో రేర్ ఎర్త్, అంటే అరుదైన మట్టి, ఉందట! సెల్‌ఫోనుకు అదే కావాలి, కరెంటు కారుకు అదే కావాలి, క్షిపణికీ అదే కావాలి. ఒక్క వేరుశనగకే పనికిరాలేదు. పాపం, మట్టి మాత్రం ఏం చేస్తుంది? దాని స్థాయి వేరు!

దుమ్ము లేస్తుందని కొందరి బాధ. బేతంచెర్ల రాళ్ల దుమ్ము పీల్చి పెరిగినవాళ్లం, మనకు దుమ్ము కొత్తా? ఇకమీదట పీల్చేది అంతర్జాతీయ దుమ్ము! గర్వంగా దగ్గుదాం.

మొన్న మట్టి పరీక్షకని గని కంపెనీవాళ్ల రిగ్గు లారీ వచ్చింది. రిగ్గు కనబడితే మావాళ్లకు తోచేది ఒక్కటే, నీళ్ల బోరు! అది ఆగింది రామేశ్వరమ్మ చీనీతోట, అదే బత్తాయితోట, గట్టు పక్కన. ఆమె వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి, చెట్లు నిలువునా ఎండుతున్నాయి. పరుగున వచ్చి రిగ్గుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి దండం పెట్టింది. కంపెనీ ఇంజనీరు ఆ మర్యాద తనకేననుకుని ఫొటో కూడా దిగాడు.

మీరు నమ్మరు, నీళ్లు పడ్డాయి! తాటిచెట్టంత ఎత్తున ఎగజిమ్మాయి! ఊరంతా బిందెలతో ఉరికింది. రామేశ్వరమ్మ ఆ నీళ్లలో తడుస్తూ ఏడ్చింది. ఇంజనీరు మాత్రం మొహం చిట్లించాడు. కావలసింది పడలేదట! వెంటనే సిమెంటు కలిపించి బోరు పూడ్పించాడు.

“ఏమప్పా, ఇన్ని నీళ్లు వస్తాంటే మూసేస్తాండావే! నా చెట్లు సచ్చిపోతాండాయి. నాకిడిసిపెట్టప్పా, నీకు పుణ్యముంటాది” అని రామేశ్వరమ్మ బతిమాలింది.

“మేం వెతికేది నీళ్లు కాదమ్మా. పని అయ్యాక మూసేయాలని రూలు” అన్నాడాయన.

చూశారా, ఎంత క్రమశిక్షణ! అరుదైనదేదో చదువుకున్నవాళ్లకు తెలియదా? మట్టి! నీళ్లదేముంది, రాయలసీమలో ఎక్కడ పడితే అక్కడ పారుతూనే ఉంటాయి.

కాబట్టి కంపెనీవారూ, మట్టంతా మీదే, ఎత్తుకుపోండి. కొండ కావాలన్నా పట్టుకుపోండి, అడ్డం రాము. పోయేముందు రామేశ్వరమ్మ గట్టు పక్కన పోసిన ఆ సిమెంటు ఒక్కటి పగలగొట్టి పోండి.