పచ్చ ఫ్లాస్కులో రాగిజావ

ప్రేమించినవాడు రాగిజావలో విషం కలిపి ఇవ్వడంతో సోమవారం పొద్దున చనిపోయిన హైమావతి, మంగళవారం పది దాటాక వేములదిన్నె మహిళా పోలీస్ స్టేషన్‌కు స్వయంగా వెళ్లి ఫిర్యాదు చేసింది. పది దాటాకే ఎందుకంటే, అంతకుముందు అక్కడ ఊడ్చి తడిగుడ్డ పెడుతూ ఉంటారు. తడి నేల మీదకు బతికున్నవాళ్లనే రానివ్వరు, చచ్చినవాళ్లను రానిస్తారా?

హెడ్ కానిస్టేబుల్ ఆదిశేషయ్య ఆమెను చూసి ఉలిక్కిపడలేదు. ఎందుకు పడతాడు, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి! చూడాల్సినవన్నీ చూసేశాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"ముక్కులో దూది తియ్యమ్మా. మాట సరిగ్గా ఇనపడట్లా."

హైమ దూది తీసి చెత్తబుట్టలో వేసింది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు తుడిచి తుడిచి శుభ్రత అలవాటైన మనిషి.

"చచ్చింది ఎవరు?"

"నేనేనండీ."

"చంపింది?"

"శశిధర్. పురుగుమందుల కొట్టు శశిధర్."

"ఓరి, ఆ అబ్బాయా! మా మిరప చేలో తెల్లదోమకు మందిచ్చింది ఆయనేగా. ఎంత బాగా పనిచేసిందనుకున్నావ్!"

"నాకూ బాగానే పనిచేసిందండీ," అంది హైమ.

తర్వాత వేలిముద్ర తీసుకున్నారు. యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టలేదు. అందులో వింతేమీ లేదు, బతికున్నప్పుడు రేషన్ షాపులోనూ గుర్తుపట్టేది కాదు. అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. చావు కేసులో ఫిర్యాదు చేయాల్సింది చనిపోయినవాళ్ల దగ్గరివాళ్లు. చనిపోయినవాళ్లే వస్తే, వాళ్లకు అందులో స్వార్థం ఉంటుంది కనుక ఆ మాట చెల్లదు. హైమ శశిధర్‌ని కోరుకున్న రోజే పుట్టింటివాళ్లు ఆమెతో మాటలు మానేశారు. కాబట్టి ఊళ్లో ఆమెకు దగ్గరివాడంటూ ఉన్నది శశిధరే. అతను వచ్చి రాసిస్తే కేసు కట్టడానికి తమకేమీ అభ్యంతరం లేదని ఆదిశేషయ్య మర్యాదగా చెప్పాడు.

"నాకు న్యాయం జరక్కపోయినా ఫర్లేదు సార్," అంది హైమ. "నేనెటూ పోయాను. ఆ పిల్లను కాపాడండి చాలు."

ఆ పిల్ల పేరు పావని. బస్టాండు ఎదురుగా జెరాక్స్ షాపులో పనిచేస్తుంది. హైమ చనిపోయినట్టు డాక్టరిచ్చిన కాగితానికి కాపీలు తీయించడానికి సోమవారం మధ్యాహ్నం శశిధర్ అక్కడికి వెళ్లాడు. యంత్రం ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పావని జాలిపడి మంచినీళ్లిచ్చింది. అయ్యో, అదే ఆమె చేసిన తప్పు. మంగళవారం పొద్దున్నే ఆమె బల్ల మీద, శశిధర్ రోజూ హైమకు జావ తెచ్చిన పచ్చ ఫ్లాస్కు ఉంది. హైమ స్టేషన్‌కు వస్తూ దారిలో దాన్ని కళ్లారా చూసింది. మూత దగ్గర సొట్ట కూడా అదే.

"ఇప్పుడు అందులో ఉండేది బెల్లమే సార్," అంది హైమ. "నాకూ నాలుగేళ్లు బెల్లమే పోశాడు. విజయవాడ షాపుకి మారిపోతున్నా, ఇంక మనది చాలిద్దాం అన్న మర్నాటినుంచి చేదు మొదలైంది. ఆ పిల్ల కూడా ఏదో ఒకరోజు వద్దంటుంది. అన్నరోజునుంచే దానికీ చేదు మొదలవుద్ది."

ప్రేమ వ్యవహారాల్లో కేసుకు ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి. ఎస్సై దమయంతి హైమను తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. మంచి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

"చేదుగా ఉందని తెలిసిందా నీకు?"

"తెలిసింది మేడమ్."

"తెలిసీ ఎందుకు తాగావమ్మా?"

"పొద్దున్నే లేచి చేసుకొచ్చాడు. వద్దంటే మొహం మాడ్చుకుంటాడని..."

"చూశావా మరి! రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పుడు. అయినా కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుద్ది. బయటికి పొక్కితే నీ పేరేం కావాలి? రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

చనిపోయినదాని గురించి నలుగురూ ఏమనుకుంటే ఏమిటని హైమకు తోచింది. కానీ ఎస్సై అంత ఆప్యాయంగా అడుగుతుంటే ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ఈ బుద్ధే కదా ఆమెను ఇక్కడిదాకా తెచ్చింది.

కబురు అందగానే శశిధర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. హైమను చూడగానే అతని కళ్లు నీళ్లతో నిండాయి.

"ఏమన్నా తిన్నావా హైమా?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటతో స్టేషన్ అంతా అతని పక్షం అయిపోయింది.

"నిజమే మేడమ్, నేనే కలిపా," అన్నాడు. "అబద్ధం ఆడే అలవాటు లేదు నాకు. వదిలేసి పోతానంది. నేను లేకపోతే ఈ పిల్ల బతకలేదు మేడమ్. ఎన్నిసార్లు చెప్పానో తనకి." కళ్లు తుడుచుకున్నాడు. "చూడండి, అన్నట్టే బతకలా."

దమయంతి తన కర్చీఫు తీసి అతనికి అందించింది. ఆ గదిలోకి వచ్చిన మగవాళ్లంతా నాకేం తెలియదని బుకాయించినవాళ్లే. ఇంత నిజాయితీపరుణ్ణి ఆమె ఇదే చూడటం. ఇక రాజీకి అడ్డేముంది? ఇకమీదట హైమావతికి విషం ఇవ్వనని శశిధర్ ఒప్పుకున్నాడు. జరిగినదాన్ని మనసులో పెట్టుకోనని హైమ ఒప్పుకోవాలి.

"మరి పావని?" అంది హైమ.

"ఆ అమ్మాయి ఫిర్యాదు ఇవ్వలేదుగా," అంది ఎస్సై. "లేనిపోనివి నువ్వు తగిలించకు," అని రాజీ కుదిరినట్టు కాగితం రాసేసింది.

వేములదిన్నె స్టేషన్లో ఒక ఆనవాయితీ ఉంది. రాజీ కుదిరితే మగవాడు తన ఇంటి నుంచి తెచ్చినదానితో స్టేషన్లో అందరి నోరూ తీపి చేయాలి. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు కానీ ఎంత పెద్ద అధికారి వచ్చినా దాన్ని తప్పించలేదు. కొందరు లడ్డూలు తెస్తారు. శశిధర్ తెచ్చింది రాగిజావ. రాజీ కుదరదేమోనన్న అనుమానంతో అతను ఇంటి దగ్గరే అందులో కలపవలసింది కలిపి తెచ్చాడు. తీరా కుదిరాక పారబోయడానికి మనసొప్పలేదు. మంచి బెల్లం వేసి చేశాడు మరి.

క్యాను మూత తీయగానే హైమకు ఆ వాసన తెలిసింది.

"తాగొద్దు మేడమ్! అదే! సార్, మీ కాళ్లు పట్టుకుంటా, గ్లాసు కింద పెట్టండి!"

"ఏందమ్మాయ్ ఆ అరుపులు? శుభమా అని రాజీ కుదిరితే!" అన్నాడు ఆదిశేషయ్య.

హైమ ఒక్క ఉదుటున వెళ్లి ఆయన చేతిలో గ్లాసును తోసేసింది. జావ నేలపాలైంది. గోడ వారగా పోతున్న చీమలు అటు తిరిగి, దగ్గరికంటా వచ్చి, వెనక్కి పోయాయి. చీమలకు ఆనవాయితీలు లేవు. ఆదిశేషయ్యకు ఉన్నాయి. ఆయన ఇంకో గ్లాసు పోయించుకుని రెండు గుటకలు వేసి, ఆగాడు. ఆ ఆగిన కాసేపూ హైమ చేతులు జోడించి ఆయన మొహమే చూస్తూ నిలబడింది.

"కాస్త చేదుగా ఉందేందయ్యా?"

"మెంతులేశాను బాబాయ్. షుగరుకి మంచిదని."

"ఎంత ముందుచూపో!" అని ఆదిశేషయ్య మిగతాదీ తాగేశాడు.

ఎస్సై తాగింది, రైటరు తాగాడు, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు సగం సగం పంచుకున్నారు. భోజనాల వేళకు అందరూ ఎక్కడివాళ్లక్కడ చనిపోయారు. దమయంతి కుర్చీలోనే కాసేపు తల వాల్చి, తర్వాత లేచి, రాజీ కాగితం మీద స్టేషన్ ముద్ర వేసింది.

ఆ రోజు నుంచి వేములదిన్నె మహిళా పోలీస్ స్టేషన్ సిబ్బంది మొత్తం చనిపోయే ఉన్నారు. ఊళ్లో ఎవరికీ తేడా తెలియలేదు. ఫోను అంతకుముందూ ఎత్తేవారు కాదు, ఇప్పుడూ ఎత్తడం లేదు. తనిఖీకి వచ్చిన పై అధికారి మాత్రం స్టేషన్లో క్రమశిక్షణ బాగా పెరిగిందని మెచ్చుకుని పోయాడు.

హైమకు లోలోపల చిన్న ఆశ పుట్టింది. తన బాధ ఇప్పుడు వాళ్లకూ తెలిసింది కదా!

"మేడమ్, ఇప్పుడు మీరూ పోయారు కదా. మీరే ఫిర్యాదుదారు కావచ్చు కదా?"

"నిజమేనే, కడుపులో మంట ఇంకా తగ్గలా," అని దమయంతి ఒప్పుకుంది. "కానీ రాజీ అయిపోయిందిగా. ముద్ర పడ్డాక మళ్లీ తెరిస్తే మెమో ఇస్తారు నాకు. వెళ్లి ఆ బెంచీ మీద కూర్చో, పో."

హైమ బెంచీ మీద కూర్చుంది. ఇంటికి పోవడానికి ఆమెకు ఇల్లు లేదు. కళ్లజోళ్ల షాపు మేడ మీద ఆమె ఉండే గదిని యజమాని అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఆ బెంచీ మీద నుంచి చూస్తే గేటూ, గేటు అవతల రోడ్డూ కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే శశిధర్ స్కూటర్ మీద పచ్చ ఫ్లాస్కుతో బస్టాండు వైపు వెళ్లేవాడు. హైమకు చెయ్యి ఊపేవాడు కూడా.

నెల తిరక్కముందే పావని వచ్చింది. బతికే వచ్చింది! చెమటలు పట్టి, ఆయాసపడుతూ, గోడ పట్టుకుని మెట్లెక్కింది. హైమ చటుక్కున లేచి నిలబడింది. ఎవరైనా ప్రాణంతో ఉండగా వచ్చి చెబితే ఇక కాదనేదేముంది?

"సార్, నాకు వద్దని చెప్పా ఆయనకి," అంది పావని. "అప్పట్నుంచి జావ చేదుగా ఉంటాంది. గోళ్లు చూడండి, నల్లబడ్డాయి. నన్ను చంపేస్తాడు సార్."

ఆదిశేషయ్య ఆమె గోళ్లు శ్రద్ధగా చూశాడు. చల్లటి వేళ్లతో నాడి కూడా పట్టుకుని చూశాడు.

"నాడి ఆడతాందిగా?"

"ఆడతాంది సార్."

"మరి చంపాడని ఎట్టా రాసుకోమంటావ్? తొందరపడి వచ్చేశావమ్మా. ఈ హైమమ్మేమో ఆలస్యంగా వచ్చింది. మీలో ఒక్కరైనా టయానికి రారేంది?"

ఫిర్యాదు వస్తే అవతలి మనిషికి కబురు చేయడం పద్ధతి. ఆయన శశిధర్‌కు ఫోన్ చేశాడు. పావని తన తల్లికి చేసింది. తల్లి మాటలు బెంచీ దాకా వినిపించాయి.

"ఏందే నీ గోల? తెల్లారకముందే లేచి ఆడదానికి జావ చేసిచ్చే మగాణ్ణి నా జన్మలో చూళ్లా. కాస్త చేదైతే మాత్రం ఏం? గుటుక్కున మింగలేవూ? మేం మింగలేదూ?"

పావని ఫోను పెట్టేసింది. హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ స్టేషన్లో వేడిగా ఉన్న చెయ్యి అదొక్కటే. చనిపోయాక హైమకు మొదటిసారి ఏడుపు ముంచుకొచ్చింది.

"వెనక గేటు తీసే ఉంది, నా మాట ఇను," అంది. "ఒంగోలు బస్సు బయల్దేరబోతాంది. వెనక్కి తిరక్కుండా ఎక్కెయ్. వాడి మొహం మాడితే మాడనీ. నేను వాడి మొహం చూసే తాగా పావనీ."

పావని రెండు అడుగులు వెనక గేటు వైపు వేసింది. అప్పుడే ముందు గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఎండలో హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, శశిధర్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అరవలేదు. అలా నిలబడ్డాడంతే, పాపం అనిపించేలా.

"చూడమ్మా, పనులన్నీ వదులుకుని వచ్చాడు," అంది దమయంతి. "కనీసం ఒకసారి మాట్లాడు. లేకపోతే బాగుండదు."

బాగుండదన్న మాట దగ్గర పావని ఆగిపోయింది. హైమ ఆమె చెయ్యి వదల్లేదు. చనిపోయినవాళ్ల పట్టు గట్టిది, అంత సులువుగా విడిపోదు. ఆదిశేషయ్య దగ్గరికొచ్చి, ఆమె వేళ్లను ఒక్కొక్కటే, నొప్పి పుట్టకుండా, విడదీశాడు.

"అది వాళ్లిద్దరి యవ్వారం తల్లీ. మనం దూరకూడదు," అన్నాడు.

పావని గేటు వైపు నడిచింది. శశిధర్ మూతలోకి జావ ఒంపి అందించాడు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మెట్ల మీద నిలబడి స్టేషన్ అంతా తాగమ్మా, తాగు అన్నట్టు తలలాడించింది. హైమ ఒక్కతే వద్దని అరిచింది. ఆమె ఫిర్యాదు అప్పటికే ముగిసిపోయింది కనుక ఆ అరుపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు నేల ఆరాక పావని మళ్లీ వచ్చింది. ఈసారి చెమటలు లేవు. మెట్లు నిదానంగా ఎక్కింది.

"ముక్కులో దూది తియ్యమ్మా," అన్నాడు ఆదిశేషయ్య.

హైమ బెంచీ చివరికి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని గేటు వైపు చూశారు. శశిధర్ స్కూటర్ ఆ పొద్దున బస్టాండు దాటి, నర్సింగ్ కాలేజీ వైపు తిరిగింది. నాకొక చెల్లెలుంది, అక్కడే చదువుతోందని పావని అంది.

బెంచీ ఇరుకైపోయిందని, రద్దీ పెరిగే సూచనలు ఉన్నాయని దమయంతి పై ఆఫీసుకు రాసింది. ఆ స్టేషన్ ఏది అడిగినా ఏళ్లు పట్టేది. బెంచీ మాత్రం ఆ వారంలోనే వచ్చింది. అడిగినదానికంటే పొడుగుదే పంపారు.