మొదలూ చివరా లేని క్యూ

కాస్త దగ్గరికి జరుగు, నా గొంతు అంత దూరం రాదు. మా మంత్రిగారి గొప్పతనం చెబుతాను. ఇలాంటివి పెద్దవాళ్లు చెబితేనే తెలుస్తాయి.

తుఫాను వచ్చి సముద్రపొడ్డున ఉన్న చమురు ఫ్యాక్టరీ గొట్టాలను చెరుకుగడల్లా విరిచేసి పోయింది. మూడో రోజున, సోమవారం నాడు, మంత్రిగారు రేడియోలో గంభీరంగా ప్రకటించారు: "ఇంధన కొరత ఎక్కడా లేదు. ఉన్నవి క్యూలు మాత్రమే. శనివారం నేను వచ్చేసరికి ఒక్క క్యూ కూడా కనిపించకూడదు."

జ్వరం లేదు, ఒళ్లు కాలడమే ఉంది అన్నంత స్పష్టంగా మాట్లాడిన మనిషిని నా డెబ్భై ఎనిమిదేళ్లలో ఈయన్నే చూశాను.

ఆ ప్రకటన వచ్చేటప్పటికి బంకు ముందు క్యూలో మొదటి వ్యాను మా అల్లుడిది. అతనికి కోళ్ల హేచరీ ఉంది. తుఫానుకి కరెంటు పోయింది కాబట్టి గుడ్లు పొదిగే మెషీను జనరేటరు మీద నడుస్తోంది. జనరేటరులో డీజిలు బుధవారం దాకానే ఉంది. లోపల ఆరువందల గుడ్లు, శనివారానికి పిల్లలు కావాలి. మధ్యలో చల్లబడ్డాయా, ఆరువందలూ మురిగిపోయినట్టే. మా అమ్మాయి అన్నం మానేసి మెషీను తలుపుకి చెవి ఆనించి కూర్చుంది.

మా ఊరి సరఫరా ఆఫీసరు గారు మహా పనిమంతులు. క్యూ మెయిన్ రోడ్డు మీదికి కనిపిస్తోందని మొత్తాన్ని బంకు వెనక సందులోకి తిప్పించారు. సందు నిండితే ఆస్పత్రి వెనక్కి, అదీ నిండితే స్కూలు గోడ పక్కకి మళ్లించారు. బుధవారం మధ్యాహ్నానికి క్యూ తోక ఊరు చుట్టి వచ్చి, ఒక స్కూటరు రూపంలో మా అల్లుడి వ్యాను ముందే ఆగింది.

"తమ్ముడూ, ఇక్కడ మొదటివాణ్ణి నేను," అన్నాడు మా అల్లుడు.

"అదెలా అన్నా? మీ ముందు నేనున్నాను కదా."

"నువ్వు చివరివాడివయ్యా."

"నా వెనక మీరున్నారు కదా."

తగువు ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన క్యూ పొడవునా నడిచి, బయల్దేరిన చోటికే వచ్చి, వెలిగిపోతున్న ముఖంతో తీర్పు చెప్పారు. "క్యూ అన్నాక మొదలూ చివరా ఉండాలి. దీనికి రెండూ లేవు. కాబట్టి ఇది క్యూ కాదు." అక్కడికక్కడే రిపోర్టు రాసి పైకి పంపారు. అంత చదువుకున్నారు కాబట్టి తట్టింది గానీ, నాబోటిదానికి వందేళ్లు బతికినా తట్టదు.

సాయంత్రం జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మా అమ్మాయి ఏడుపు ఎత్తుకుంది. గుడ్డుకి కావలసింది వెచ్చదనమే కానీ డీజిలు కాదే పిచ్చిదానా అని, ట్రేలన్నీ తోపుడుబండి మీద పెట్టించి, క్యూ కాని ఆ క్యూ దగ్గరికి తీసుకెళ్లాను. ఒక్కొక్కరి ఒళ్లో మూడేసి గుడ్లు పెట్టి, కారు అద్దాలెత్తి దుప్పటి కప్పుకోమన్నాను. ఎవరూ కాదనలేదు. కదిలితే చోటు పోతుందని కూర్చున్న మనిషిని మించిన పొదుగుకోడి ఏ దేశంలోనూ లేదు. లారీ డ్రైవరు గుడ్లు ఉలిక్కిపడతాయని బూతులు మానేశాడు. స్కూటరు అబ్బాయి చొక్కాలో దాచుకుని, తుమ్ము వచ్చినప్పుడల్లా ముక్కు పట్టుకునేవాడు.

శుక్రవారం పొద్దున్న అతనే వ్యాను అద్దం తట్టి మెల్లగా అన్నాడు: "అన్నా, నా గుడ్లలో ఒకటి తన్నింది."

శనివారం మంత్రిగారు పధ్నాలుగు కార్లతో వచ్చారు. వెనకాల నిజంగానే ఒక డీజిలు ట్యాంకరు ఉంది. అప్పటికి పద్దెనిమిది తప్ప అన్ని గుడ్లూ పిల్లలయ్యాయి. సందు సందంతా కిచకిచలే.

"ఇవన్నీ డీజిలు లేకుండానే పుట్టాయా?" అని మంత్రిగారు ముచ్చటపడ్డారు.

"అవునండీ," అన్నాడు మా అల్లుడు, ట్యాంకరు వైపే చూస్తూ. "కానీ ఇప్పుడు వీటికి వారం రోజులు దీపాల వేడి కావాలండీ. జనరేటరుకి పది లీటర్లు ఇప్పిస్తే—"

మంత్రిగారు అప్పటికే కెమెరాల వైపు తిరిగారు. "ఇంధనం అవసరమే లేని తొలి ఊరుగా దీన్ని ప్రకటిస్తున్నాను. ఈ ఊరి కోటాను సగర్వంగా రద్దు చేస్తున్నాను."

అందరం చప్పట్లు కొట్టేవాళ్లమే, చేతుల్లో పిల్లలున్నాయి. మంత్రిగారి పధ్నాలుగు కార్లూ ట్యాంకరు దగ్గర ఒకదాని వెనక ఒకటి నిలబడి కడుపు నింపుకున్నాయి. అది క్యూ కాదు, కాన్వాయ్ అని ఆఫీసరు గారు నాకు ఓపిగ్గా వివరించారు. తరవాత ట్యాంకరు కూడా వాళ్ల వెనకే వెళ్లిపోయింది.

ఇదంతా మర్చిపోకుండా నలుగురికీ చెప్పు, అమ్మా. చెప్పేటప్పుడు వాళ్ల ఒడి ఖాళీగా ఉందేమో కూడా చూడు. ఇదిగో, ముందు నువ్వు ఈ రెండు కోడిపిల్లల్నీ పట్టుకో. గట్టిగా నొక్కకు.