మా సందుకొక పేదవాడు కావలెను

పాఠకులారా, మా సందులో పేదరికం పోయింది!

పోగొట్టింది ప్రభుత్వం కాదు. చర్చీ కాదు. ఎన్నికలప్పుడు వచ్చి మా చేతులు పట్టుకుని ఊపిన పెద్దమనుషులు అంతకన్నా కాదు. రెండు రోజుల సెలవు మీద చక్రాల పెట్టెలు లాక్కుంటూ వచ్చే పర్యాటకులు పోగొట్టారు. ఐదేళ్ళ కిందట మా సందులో పేదవాళ్ళు కావలసినంతమంది ఉండేవారు. ఇవాళ దీపం పెట్టి వెతికినా ఒక్కడు కనపడడు.

ఇంత మేలు చేసినవాళ్ళని పట్టుకుని, కొందరు గోడల మీద "వెళ్ళిపొండి" అని రంగుతో రాస్తున్నారు. ఎంత అన్యాయం! ఇటలీలో ఈ నేపుల్స్ వాళ్ళకి విశ్వాసం లేదని లోకం అనుకోదూ? కాఫీ కొట్లో గల్లాపెట్టె దగ్గర ఎనిమిదేళ్ళుగా కూర్చుని అన్నీ చూస్తున్నదాన్ని. నాకు నోరు లేదని అందరూ అంటారు గానీ, ఈ ఒక్క విషయంలో నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందు చిల్లర లాభాలు చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదటి విమానం వాళ్ళ పెట్టెలు నల్లరాళ్ళ మీద దడదడలాడతాయి. ఐదున్నరకి రెండో విమానం వాళ్ళవి. ఇప్పుడు మా సందులో ఎవరింట్లోనూ అలారం గడియారం లేదు. నిద్ర కూడా అనవసరమేనని మెల్లగా తెలిసొచ్చింది.

ఇక బట్టలు. సందుకి అడ్డంగా తాళ్ళ మీద ఆరే బట్టలు చూడటానికే వాళ్ళు అంత దూరం నుంచి వస్తారట. కానీ అద్దె ఫ్లాట్లలో బట్టలు ఆరబెట్టే మెషీన్లున్నాయి. మరి తాళ్ళ మీద ఏముండాలి? అందుకని ఫ్లాట్ల వాళ్ళే ఒక ఎర్ర లంగా, రెండు తెల్ల దుప్పట్లు, ఒక పసిబిడ్డ చొక్కా కొని వేలాడదీశారు. రెండేళ్ళయింది. ఆ లంగా ఎవరూ కట్టలేదు, ఆ చొక్కాలో ఏ బిడ్డా పెరగలేదు. ఉతుకు లేదు, సబ్బు ఖర్చు లేదు! ఇంతకన్నా శుభ్రమైన సంసారం ఎక్కడైనా ఉందా?

బుట్టల సంగతి చెప్పనే లేదు. పై అంతస్తుల ఆడవాళ్ళు తాడు కట్టిన బుట్ట కిందికి దించితే, కింద కొట్టువాడు రొట్టె వేసేవాడు. ఇప్పుడు పైనున్న రెండు రోజుల కాపురస్తులు కూడా సరదాగా బుట్ట దించుతున్నారు. రొట్టెల కొట్టు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మల కొట్టయింది కనుక, వేసేవాళ్ళు లేరు. బుట్ట గాలికి ఊగుతూ ఉంటుంది. నిన్న నా నెత్తికి తగిలింది. పైనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

సరే, అసలు విషయానికొస్తాను.

మా ఊళ్ళో ఒక పాత అలవాటుంది. చేతిలో నాలుగు డబ్బులాడిన రోజున మనిషి ఒక కాఫీ తాగి, రెండు కాఫీల డబ్బు కట్టి వెళ్ళిపోతాడు. రెండోది ఎవరికి? ఎవరికో. దాని చీటీ బల్ల మీద ఉన్న పాత కాఫీ కూజాలో పడుతుంది. తర్వాత ఎప్పుడో, జేబు ఖాళీగా ఉన్నవాడొకడు గుమ్మంలోంచి తల పెట్టి, "అట్టేపెట్టిన కాఫీ ఏమైనా ఉందా?" అంటాడు. ఉంటే తాగుతాడు, లేకపోతే మంచినీళ్ళు తాగి వెళతాడు. ఇచ్చినవాడెవరో తాగినవాడికి తెలియదు, తాగినవాడెవరో ఇచ్చినవాడికి తెలియదు. దణ్ణాలుండవు, దీవెనలుండవు. మర్నాడు వీధిలో ఎదురుపడితే ఇద్దరూ సమానంగానే టోపీలెత్తి పలకరించుకుంటారు.

ఈ అలవాటులో ఉన్న పెద్ద లోపం పాఠకులు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. ఫొటోకి పనికిరాదు!

ఆ లోపం ఎలా తీరిందో వినండి. "నేపుల్స్‌లో రెండు రోజుల్లో చూడవలసినవి, చేయవలసినవి" అని ఇంటర్నెట్‌లో ఎవరో ఒక జాబితా పెట్టారు. మొదటిది కోట. రెండోది మ్యూజియం. మూడోది గంటన్నర క్యూలో నిలబడి పిజ్జా తినడం. నాలుగోది వెసూవియస్ కొండని చూడటం. మా సందు చివర నుంచి చక్కగా కనిపిస్తుందని కూడా రాశారు. ఐదోది ఎవరింటి గుమ్మంలోకైనా తొంగిచూడటం. ఆరోది, "ఒక పేదవాడికి కాఫీ తాగించండి."

అంతే! జనం విరగబడ్డారు. కూజా నిండింది. కూజా పక్కన బకెట్టు పెట్టాం. బకెట్టూ నిండింది. తాగేవాళ్ళేరీ? చేపలు కోసే కుటుంబం ఫ్లాట్ ఖాళీ చేసి రైలు చివరి స్టేషన్ అవతలికి పోయింది. చెప్పులు కుట్టే ఆయన తన భార్య చెల్లెలింటికి చేరాడు. సందులో దాహం తక్కువ, దానం ఎక్కువ అయింది.

"చీటీ వేశాను, బాగానే ఉంది. తాగే మనిషెక్కడ?" అని పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ అడిగింది.

"ఇప్పుడే తాగి వెళ్ళాడమ్మా, ఒక్క నిమిషం ముందు!" అంది మా కొట్టు యజమానురాలు దోన్నా తితీనా.

"ఏ వైపు వెళ్ళాడు?" అని కెమెరా చేతబట్టుకుని ఆవిడ పరుగు తీసింది.

ఇలా ఎన్నాళ్ళు? దోన్నా తితీనా పక్క సందు బిచ్చగాణ్ణి మాట్లాడి చూసింది. అతను ఆదివారం సెలవు కావాలన్నాడు. ఆగస్టులో మూడు వారాలు కొండలకి వెళ్ళొస్తానన్నాడు. ఆవిడకే ఆగస్టులో పది రోజుల సెలవు!

అప్పుడు ఆవిడ చూపు దోన్ సబతీనో మీద పడింది.

దోన్ సబతీనో గొడుగులు బాగుచేసేవాడు. (మా ఊళ్ళో పెద్దవాళ్ళని గౌరవంగా, మగవాళ్ళైతే దోన్ అనీ ఆడవాళ్ళైతే దోన్నా అనీ అంటాం.) కొట్టుకి ఎదురుగా, వీధిలోకి తలుపున్న ఒంటిగదిలో నలభై ఏళ్ళుగా ఉంటున్నాడు. మూడు యూరోలకి గొడుగు కొని, గాలివానలో అది విరిగితే చెత్తబుట్టలో పడేసే రోజులొచ్చాక ఆయనకి పని లేదు. మా సందులో మిగిలిన ఆఖరి పేదవాడు ఆయనే. ఆయన కూడా ఎన్నాళ్ళో మిగిలేట్టు లేడు. మే నెలాఖరులోగా గది ఖాళీ చేయాలని కాగితం వచ్చింది. ఆ కాగితం పంపినది ఆ ఇంటివీ, సందులో అద్దె ఫ్లాట్లవీ వ్యవహారాలు చూసే ఇంజనీరు గారు. ఆయన ఏ వంతెనా కట్టలేదు. మా ఊళ్ళో ఇస్త్రీ చొక్కా వేసుకుని తాళాలగుత్తి పట్టుకున్నవాణ్ణి ఇంజనీరనే అంటాం.

"నువ్వు పదింటి నుంచి ఐదింటిదాకా నా కొట్లో నిలబడి కాఫీ తాగు. నీ గది సంగతి ఇంజనీరుతో నేను మాట్లాడతాను. ఈ సందుకి నువ్వెంత అవసరమో వాడికి అర్థమయ్యేట్టు చెబుతాను" అంది దోన్నా తితీనా.

దోన్ సబతీనో చాలాసేపు తన తలుపు వంక చూశాడు. "గది కోసమైతే నిలబడతాను తల్లీ" అన్నాడు.

మర్నాడు సరిగ్గా పదింటికి వచ్చాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"ఇదేమిటయ్యా, గడ్డం గీసుకొచ్చావ్?"

"పొద్దున్నే గీసుకోవడం అలవాటు."

"ఆ టై ఏమిటి? పెళ్ళికొచ్చావా? నిన్ను చూస్తే నువ్వే వాళ్ళకి కాఫీ తాగించేట్టున్నావు!"

"తాగించమంటే తాగిస్తాను."

"చంపావు! ఆ మాట వాళ్ళ ముందు అనకు. టై తీసి ఈ అమ్మాయికివ్వు. ఓసే పిల్లా, ఆ టై గల్లాపెట్టెలో దాచు."

దాచాను. నీలం రంగు టై. వెచ్చగా ఉంది.

ఆ రోజు నుంచి మా కొట్టుకి వైభవం వచ్చింది. ఆయన కప్పు ఎత్తితే పది ఫోన్లు లేచేవి. ఒక పెద్దమనిషి, వెలుతురు సరిగ్గా లేదు, ఇంకోసారి తాగమన్నాడు. తాగాడు. పదిహేనో కాఫీకి చేతులు వణకడం మొదలైంది. "అయ్యో, ఆకలితో వణికిపోతున్నాడు!" అని చూసినవాళ్ళు ఇంకో రెండేసి కాఫీలు కొన్నారు. అవి తాగాక ఇంకా వణికాడు. ఇంకా కొన్నారు! దయకి కూడా ఇంత మంచి యంత్రం ఉంటుందని ఎవరైనా అనుకున్నారా?

నాలుగో రోజుకి ఆయన కళ్ళు మూతపడటం మానేశాయి. అప్పట్నుంచి కప్పులో వేయించిన బార్లీ కషాయం పోశాం. రంగు ఒకటే.

"ఎలా ఉంది బాబాయ్?" అని నెమ్మదిగా అడిగాను.

"నలభై ఏళ్ళు ఈ కొట్లో కాఫీ తాగానమ్మాయ్. ఎవడూ చూడనప్పుడు రుచిగా ఉండేది" అన్నాడు.

ముసలివాళ్ళు ఇలాగే ఏదో ఒకటి అంటారు. పట్టించుకోకూడదు.

మే మూడో వారంలో ఇంజనీరు గారు కాఫీకి వచ్చారు. దోన్నా తితీనా మాట తప్పే మనిషి కాదు. కప్పు ఆయన ముందు పెట్టి, రెండు చేతులూ నడుమున పెట్టుకుంది.

"ఇంజనీరు గారూ, వీళ్ళంతా ఎవరికోసం వస్తున్నారో చూశారా? ఈ దోన్ సబతీనో కోసం. ఆయన పోతే కాఫీ పోతుంది. కాఫీ పోతే వీళ్ళు పోతారు. వీళ్ళు పోతే మీ ఫ్లాట్లలో దయ్యాలుంటాయి. ఆ గది ఆయనకి వదిలెయ్యండి!"

ఇంజనీరు గారు చుట్టూ చూశారు. జనాన్ని చూశారు, లేచిన ఫోన్లని చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నిజమే సుమండీ! ఈయన మన సందుకి ఆస్తి. ఈయన్ని పోనివ్వకూడదు" అన్నారు.

దోన్ సబతీనో కప్పు కింద పెట్టాడు.

"అయితే కాగితం వెనక్కి తీసుకుంటారా?" అన్నాడు.

"అదేమిటండీ!" అని ఇంజనీరు గారు ఆశ్చర్యపోయారు. "గది ఖాళీ చేయమన్నాను గానీ, సందు ఖాళీ చేయమన్నానా? పొద్దున పదింటికి బస్సులో వచ్చి, ఐదింటికి వెళ్ళండి. మీరు రాకపోతే నేనూరుకోను!"

చూశారా పాఠకులారా, ఎంత విశాల హృదయం! పాతకాలంలో ఇల్లు పోతే మనిషి కూడా పోయేవాడు. ఇప్పుడు ఇల్లొకటే తీసుకుంటారు, మనిషిని మనకే వదిలేస్తారు.

మే నెలాఖరున ఒక చిన్న వ్యాను వచ్చింది. సామానెంత? మంచం, కుర్చీ, పనిముట్ల పెట్టె. వ్యాను నిండకుండానే అయిపోయింది. దోన్ సబతీనో కొట్లోకి వచ్చి బల్ల మీద చిల్లర పెట్టాడు.

"ఒక కాఫీ. బార్లీ కాదు. ఇంకొకటి అట్టేపెట్టండి."

"ఎవరికి బాబాయ్?" అన్నాను. ఎనిమిదేళ్ళలో నేనడిగిన తెలివితక్కువ ప్రశ్న అదొక్కటే.

"ఎవరికని అడగకూడదమ్మాయ్."

మూడు గుటకల్లో తాగాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి కూజాలో వేశాడు. టై ఇచ్చాను, కట్టుకున్నాడు.

"రేపు పదింటికి వస్తావుగా?" అని దోన్నా తితీనా అరిచింది. అంత దూరం నిలబడి అరవాల్సిన పని లేదు.

"రేపట్నుంచి పదింటికి తీరిగ్గా గడ్డం గీసుకుంటాను తల్లీ" అని ఆయన వ్యాను ఎక్కాడు.

మళ్ళీ రాలేదు.

ఆ గది ఇప్పుడు అద్దెకు దొరుకుతుంది. పేరు "గొడుగుల ఇల్లు". పైకప్పు నుంచి మూడు విరిగిన గొడుగులు వేలాడదీశారు. గోడ మీద అద్దం చట్రంలో ఆ జాబితా కూడా ఉంది. అందులో దిగినవాళ్ళు తెల్లారి మా కొట్టుకొచ్చి, ఎదురుగా తాము పడుకున్న గది వంక చూస్తూ కాఫీ తాగి, పేదవాడి కోసం ఒక చీటీ వేసి, "ఆయన ఎన్నింటికి వస్తాడు?" అని అడుగుతున్నారు.

కనుక ఈ రచన ద్వారా తెలియజేయునదేమనగా, మా సందులో ఒక ఖాళీ ఉంది. పని తేలిక, కూర్చోనక్కర్లేదు. ప్రకటన రాసి కొట్టు గుమ్మానికి అంటిద్దామని కాగితం తీశాం కూడా.

అవసరం లేకపోయింది. పోయిన గురువారం నాకూ కాగితం వచ్చింది. కొట్టు పైన, నాలుగో అంతస్తులో, మెట్ల పక్కనున్న చిన్న గది నాది. సెప్టెంబరు నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. దోన్నా తితీనా ఆ కాగితం చదివి, నా వంక చూసింది. నా జడ చూసింది, చెప్పులు చూసింది. తర్వాత ముఖం తిప్పుకుని, తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచింది.

కొట్టు కట్టేసే ముందు కూజా బోర్లించాను. అన్ని చీటీల్లోనూ నాలుగు మడతల చీటీ ఒక్కటే ఉంది. బల్ల మీద పెట్టాను. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పెట్టి, కాఫీ తీసిచ్చింది. వీధికి వీపు తిప్పి తాగాను. ఆయన చెప్పింది నిజమే, రుచిగా ఉంది.

పాఠకులారా, మా ఊరు తప్పక రండి! కోట చూడండి, పిజ్జా తినండి. ఆరో నంబరు కోసం అక్టోబరు నుంచి పదింటికల్లా నేను నిలబడి ఉంటాను.

ఒక్కటే మనవి. కాఫీ కొన్నాక, నేను తాగే ఆ రెండు నిమిషాలూ సందు చివరిదాకా వెళ్ళి కొండని చూసి రండి. అదీ జాబితాలో ఉన్నదే, నాలుగో నంబరు.